సైబర్ సేఫ్టీ: పిల్లలు ఫోన్ తెచ్చి చూపిస్తే టీచర్ ఏం చేయాలి? స్కూలు సిబ్బందికి తెలియాల్సిన చట్టం, జాగ్రత్తలు ఇవే

నెల్లూరుకు, గూడూరుకు మధ్య హైవే మీద ఉండే మండల కేంద్రం మనుబోలు. ఇలాంటి ఊళ్లలో చాలా ఇళ్లలో పిల్లలకు సొంత ఫోన్ ఉండదు. అమ్మ ఫోనే పిల్లల ఫోన్. సిమ్ అమ్మ పేరు మీద, ఇన్‌స్టా అకౌంట్ తప్పుడు పుట్టిన తేదీతో. అందుకే యాప్‌లు పెట్టే వయసు నిబంధనలు ఇక్కడ పెద్దగా పనిచేయవు. ఆన్‌లైన్‌లో ఏదైనా జరిగితే పిల్లలు ఇంట్లో చెప్పడానికి భయపడతారు. ఫోన్ లాక్కుంటారని భయం, కొడతారని భయం, ఆడపిల్లయితే చదువే మాన్పిస్తారని భయం. అప్పుడు చెప్పుకోవడానికి మిగిలేది స్కూల్లో నమ్మకమున్న ఒక్క మనిషి.

ఆ మనిషి టీచర్ కావచ్చు, ఆయా కావచ్చు, ఆటో నడిపే అన్న కావచ్చు. అలా వచ్చిన పిల్లలతో ఆ తొలి గంటలో ఏం మాట్లాడాలి? ఫోన్‌ను ఏం చేయాలి? ఎవరికి చెప్పాలి? సిబ్బందికి ఇచ్చే శిక్షణలో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. పూర్తి వివరాలు ఇవే.

ట్యాబ్ ఇచ్చారు.. ఫోన్ వద్దన్నారు.. మరి శిక్షణ?

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ప్రభుత్వ స్కూళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలకు, వాళ్లకు పాఠాలు చెప్పే టీచర్లకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఆ విడతలో ఇచ్చినవి దాదాపు 5.18 లక్షలు. ఎనిమిది నెలలు తిరిగాక, 2023 ఆగస్టులో, స్కూళ్లలో పిల్లలు మొబైల్ ఫోన్లు వాడటాన్ని విద్యాశాఖ నిషేధించింది. తరగతి గదిలో టీచర్ల ఫోన్ల మీద కూడా ఆంక్షలు పెట్టింది.

రెండు నిర్ణయాలూ పరికరం గురించే. ఒకటి చేతికిచ్చింది, ఇంకోటి వద్దంది. కానీ పిల్లలకు ఇబ్బంది ఎదురయ్యేది ఎక్కువగా సాయంత్రం ఇంటికెళ్లాక. దాని ప్రభావం కనిపించేది మాత్రం మర్నాడు క్లాసులో. నిన్నటిదాకా హుషారుగా ఉన్న అమ్మాయి బెంచీ చివర ఒక్కతే కూర్చుంటుంది. ఒక అబ్బాయి ఉన్నట్టుండి బడి మానేస్తాడు. ఇది గుర్తించగలిగింది సిబ్బందే. కాబట్టి అసలు పెట్టుబడి పెట్టాల్సింది వాళ్ల శిక్షణ మీద.

శిక్షణ తప్పనిసరి.. చట్టం ఏం చెబుతోందంటే?

లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం, అంటే పోక్సో, 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్ల లోపు వాళ్లంతా దీని కింద పిల్లలే. ఆన్‌లైన్ వేధింపులు కూడా ఇందులో ఉన్నాయి. డిజిటల్ మార్గంలో పదేపదే పిల్లల వెంటపడటం, నిజమైన ఫొటోలతో గానీ మార్ఫింగ్ చేసిన ఫొటోలతో గానీ బెదిరించడం సెక్షన్ 11 కింద నేరం. సెక్షన్ 12 ప్రకారం మూడేళ్ల వరకు జైలు, జరిమానా.

ఈ చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనల్లో మూడోది స్కూళ్లకు సూటిగా వర్తిస్తుంది. సిబ్బంది అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. పిల్లల భద్రతపై ఎప్పటికప్పుడు శిక్షణ ఇప్పించాలి. రెగ్యులరా, కాంట్రాక్టా అనే తేడా లేదు. టీచింగా, నాన్ టీచింగా అనే తేడా కూడా లేదు. అంటే శిక్షణ అనేది హెడ్మాస్టర్ ఇష్టం మీద ఆధారపడిన విషయం కాదు, చేసి తీరాల్సిన పని.

ఇంకో ముఖ్యమైన సెక్షన్ 19. పోక్సో నేరం జరిగిందని తెలిసినా, జరిగే ప్రమాదం ఉందనిపించినా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి చెప్పకుండా దాస్తే ఏడాది వరకు జైలు, జరిమానా. ఇక సదుద్దేశంతో సమాచారం ఇచ్చిన వాళ్ల మీద కేసులు పెట్టే వీల్లేదు. "రేపు పొరపాటని తేలితే మన మీదకొస్తుందేమో" అని టీచర్లు భయపడాల్సిన పని లేదు.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఓ స్కూలు హాస్టల్‌కు సంబంధించిన కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఇదే విషయం స్పష్టం చేసింది. తెలిసి కూడా చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, అది అసలు నేరస్తుడిని కాపాడే ప్రయత్నమవుతుందని తేల్చిచెప్పింది.

ఆన్‌లైన్ ప్రమాదాలు నాలుగు రకాలు

ఇంగ్లండ్‌లో స్కూలు సిబ్బంది తప్పక చదవాల్సిన ప్రభుత్వ మార్గదర్శకం ఒకటుంది. ఆన్‌లైన్ ముప్పును అందులో నాలుగు రకాలుగా విడగొట్టారు. మన స్కూళ్లకూ ఈ లెక్క సరిపోతుంది.

ఒకటి, చూసేది. అశ్లీల వీడియోలు, హింస, ప్రాణాల మీదకు తెచ్చే రీల్స్. పిల్లలు వెతక్కపోయినా గ్రూపుల్లో వాటంతటవే వచ్చిపడతాయి.

రెండు, కలిసేది. ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ లాంటి గేముల్లో వాయిస్ చాట్ ఉంటుంది. అక్కడ పరిచయమైన వ్యక్తి ముందు గేమ్‌లో కానుకలిస్తాడు. తర్వాత వాట్సాప్ నంబర్ అడుగుతాడు. ఆ తర్వాత ఫొటో అడుగుతాడు. ఫొటో చేతికొచ్చాక బెదిరింపు మొదలవుతుంది. ఇందులో అబ్బాయిలూ బాధితులే. సిగ్గుతో వాళ్లు అసలు నోరు విప్పరు.

మూడు, పిల్లలు తామే చేసేది. స్కూలు పేరుతో ఇన్‌స్టాలో కన్ఫెషన్ పేజీలు, టీచర్ల మీద మీమ్స్, కులం పేరుతో, రంగు పేరుతో ఎగతాళి, క్లాస్‌మేట్ ముఖాన్ని ఇంకో ఫొటోకు అతికించడం. ఇప్పుడు ఏఐ యాప్‌లతో ఇది నిమిషాల్లో పని. నవ్వులాటగా మొదలై కేసు దాకా వెళ్తుంది.

నాలుగు, డబ్బు. గేముల్లో డైమండ్లు కొనడానికి నాన్న యూపీఐ పిన్ వాడటం, పార్ట్ టైమ్ జాబ్ లింకులు, పథకం డబ్బులు పడాలంటే ఓటీపీ చెప్పాలనే తరహా మెసేజ్‌లు. డబ్బు పోయిన వెంటనే 1930కు ఫోన్ చేస్తే ఆ సొమ్మును బ్యాంకుల్లో ఆపించే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గిపోతుంది.

తొలి గంటలో చేయాల్సినవి

ఉదాహరణకు, తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చి, "మేడమ్.. ఒకడు నా ఫొటో మార్చి ఊరంతా పెడతానంటున్నాడు. మా నాయనకు మాత్రం చెప్పబాకండి మేడమ్" అందనుకుందాం. అప్పుడు ఏం చేయాలి?

1. ముందు వినండి. నలుగురిలో కాకుండా, అలాగని తలుపులు మూసిన గదిలో కాకుండా, పక్కన కూర్చోబెట్టుకోండి. "చెప్పి మంచి పని చేశావమ్మా, తప్పు నీది కాదు" అనే ఒక్క మాటతో సగం భయం పోతుంది. "ఫొటో ఎందుకు పంపావ్?" అని అడిగితే ఆ అమ్మాయి ఇంకెప్పుడూ నోరు తెరవదు.

2. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి. చట్టప్రకారం చెప్పి తీరాలి కాబట్టి ఆ మాట నిలబెట్టుకోలేరు. దానికి బదులు, "ఊరంతా తెలియనివ్వను. ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్తాం. నీకు చెప్పకుండా ఏమీ చేయం" అనండి. ఇంట్లో చెప్పేటప్పుడు తాను పక్కనే ఉంటానని టీచర్ భరోసా ఇస్తే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు.

3. గుచ్చి గుచ్చి అడగకండి. దర్యాప్తు పోలీసుల పని. "ఏం జరిగిందో చెప్పమ్మా" అన్నది చాలు. పిల్లలు చెప్పిన మాటలను వాళ్ల మాటల్లోనే, తేదీ, టైమ్ వేసి రాసి పెట్టుకోండి.

4. ఆధారాలు చెడనివ్వకండి. చాట్ డిలీట్ చేయించొద్దు, యాప్ తీసేయొద్దు, ఫోన్ రీసెట్ చేయొద్దు. అవతలి అకౌంట్ పేరు, లింక్, ఫోన్ నంబర్, డబ్బు అడిగితే యూపీఐ ఐడీ, మెసేజ్ వచ్చిన సమయం రాసుకోండి. అకౌంట్‌ను బ్లాక్ చేయడం ఆ తర్వాతే. బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ ఆ ఫోన్‌లోనే ఉంచాలి.

5. డబ్బు పంపనివ్వకండి. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతారు.

6. హెడ్మాస్టర్‌కు, ఇంట్లో నమ్మకమైన పెద్దలకు చెప్పి, పోలీసులకు సమాచారం ఇవ్వండి. వేధిస్తున్నది ఇంట్లో వాళ్లేనని, లేదా ఇంట్లో తెలిస్తే పిల్లల ప్రాణానికే ముప్పని అనుమానముంటే ముందు 1098కు లేదా పోలీసులకే ఫోన్ చేయండి. హెడ్మాస్టర్ వద్దన్నా సరే, విషయం తెలిసిన టీచర్‌ బాధ్యత తీరిపోదు.

7. పిల్లలు చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416లో మానసిక సహాయం ఉచితంగా దొరుకుతుంది.

అస్సలు చేయకూడని పని: ఫార్వర్డ్

చాలా స్కూళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. టీచర్ మంచి ఉద్దేశంతోనే ఆ ఫొటోను తన ఫోన్‌కు పంపించుకుంటారు. దాన్ని హెడ్మాస్టర్‌కు పంపుతారు. అక్కడి నుంచి స్టాఫ్ గ్రూప్‌కు వెళ్తుంది. పిల్లల అశ్లీల చిత్రాలను పంపడం ఐటీ చట్టంలోని సెక్షన్ 67బీ కింద నేరం. మొదటిసారి తేలితే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. ఫోన్‌లో అలాంటివి ఉంచుకోవడంపై పోక్సో సెక్షన్ 15 ఉంది. డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవడం, చూడటం కూడా ఈ చట్టాల పరిధిలోకి వస్తాయని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు తేల్చింది.

కాబట్టి ఫొటోను ఎవరికీ పంపొద్దు, ఇంకో ఫోన్‌తో ఫొటో తీయొద్దు. ఉన్న ఫోన్‌ను ఉన్నట్టుగా తల్లిదండ్రుల చేతికిచ్చి, వాళ్ల ద్వారా పోలీసులకు అప్పగించడమే సరైన పద్ధతి. ఫోన్‌ను స్కూలు బీరువాలో పెట్టి తాళం వేయడం కూడా సరికాదు.

మరి ఆన్‌లైన్‌లో పెట్టేసిన ఫొటోను తీయించడం ఎలా? యాప్‌లోనే రిపోర్ట్ చేయొచ్చు. ఇలాంటి ఫొటోలపై ఫిర్యాదు వస్తే 24 గంటల్లోగా తొలగించాలని 2021 ఐటీ నిబంధనల్లోనే గడువు పెట్టారు. టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ కూడా ఉంది. అమెరికాలోని పిల్లల రక్షణ సంస్థ ఎన్‌సీఎంఈసీ దీన్ని 2023లో తెచ్చింది. 18 ఏళ్ల లోపు తీసిన ఫొటోలకు ఇది పనిచేస్తుంది. ఫొటోను ఎక్కడికీ అప్‌లోడ్ చేయక్కర్లేదు. ఫోన్‌లోనే దానికి ఒక కోడ్ తయారవుతుంది. ఆ కోడ్ ఆధారంగా ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి సంస్థలు ఆ ఫొటోను గుర్తించి తీసేస్తాయి.

కేసు పెడితే పరువు పోతుందా?

ఊళ్లలో ఇలాంటివి పెద్దమనుషుల ముందు తేల్చేయడానికి ఇదే కారణం. నలుగురూ కూర్చుంటారు, అబ్బాయి తరఫు వాళ్లతో క్షమాపణ చెప్పిస్తారు. ఫొటో మాత్రం ఇంకో ఫోన్‌లో అలాగే ఉంటుంది. నెల తిరిగేసరికి మళ్లీ బెదిరింపు. చివరికి చదువు మానేది అమ్మాయే.

చట్టంలో గోప్యతకు గట్టి రక్షణలున్నాయి. ఈ విషయాలు తెలిస్తేనే టీచర్ తల్లిదండ్రులకు ధైర్యం చెప్పగలరు. బాధిత పిల్లల పేరు, ఊరు, స్కూలు, ఫొటో ఏదీ మీడియాలో రాకూడదు. వాంగ్మూలాన్ని ఇంటి దగ్గర గానీ, పిల్లలు కోరిన చోట గానీ తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. యూనిఫాంలో రాకూడదు. తల్లిదండ్రులో, పిల్లలు నమ్మే మరొకరో పక్కన ఉండాలి. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. సమాచారం అందిన 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి.

చేసింది తోటి విద్యార్థే అయితే?

మార్ఫింగ్ చేసింది పక్క బెంచీ పిల్లాడే కావచ్చు. అప్పుడు అసెంబ్లీలో నిలబెట్టి కొట్టడం, టీసీ ఇచ్చి పంపేయడం పరిష్కారం కాదు. 18 ఏళ్ల లోపు వాళ్లయితే వ్యవహారం బాలల న్యాయ చట్టం ప్రకారం జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకెళ్తుంది. అతని పేరు కూడా బయటపెట్టకూడదు. స్కూలు చేయాల్సింది బాధిత అమ్మాయి క్లాసులో తలెత్తుకుని కూర్చునేలా చూడటం, ఫొటో ఇంకా ఎవరి దగ్గరుందో ఆరా తీయకుండా ఆ పని పోలీసులకు వదిలేయడం.

నిందితుణ్ని ముందే తేల్చేయకూడదని కూడా శిక్షణలో చెప్పాలి. 2020 మేలో ఢిల్లీలో "బాయిస్ లాకర్ రూమ్" పేరుతో స్కూలు పిల్లల ఇన్‌స్టా గ్రూప్ దేశమంతా దుమారం రేపింది. ఆ గ్రూప్ నిజమే. కానీ దాంతోపాటు వైరల్ అయిన ఒక స్నాప్‌చాట్ సంభాషణకు ఆ గ్రూప్‌తో సంబంధం లేదని, అది అబ్బాయి పేరుతో ఒక అమ్మాయి చేసిన చాట్ అని పోలీసుల దర్యాప్తులో తేలింది. స్క్రీన్‌షాట్ చూసి తీర్పు చెప్పేస్తే ఏమవుతుందో ఈ కేసు చూపించింది.

స్కూలు తన ఇంటిని సర్దుకోవాలి

ప్రమాదం బయటి నుంచే వస్తుందనుకోకూడదు. స్కూలు సిబ్బందే లైంగిక దాడికి పాల్పడితే పోక్సోలో దాన్ని తీవ్రమైన నేరంగా లెక్కిస్తారు. అందుకే శిక్షణలో సిబ్బంది ప్రవర్తనా నియమాలూ ఉండాలి.

* పిల్లలతో వ్యక్తిగత చాట్ వద్దు. హోంవర్క్ సంగతులు తల్లిదండ్రులున్న గ్రూప్‌లోనే చెప్పాలి. రాత్రిపూట మెసేజ్‌లు అసలే వద్దు.
* కార్యక్రమాల ఫొటోలు సొంత ఫోన్‌లో ఉంచుకోవద్దు. పని అయ్యాక తీసేయాలి. పేరు, క్లాసు, ముఖం మూడూ ఒకే పోస్టులో కనిపించకూడదు. వార్షికోత్సవం డాన్స్ ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి.
* ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించొద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్ల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి.
* స్కూలు కంప్యూటర్, స్మార్ట్ టీవీ పాస్‌వర్డ్ బోర్డు మీద రాయొద్దు. క్లాసు అయ్యాక లాగౌట్ చేయాలి.

శిక్షణ ఎలా ఉంటే పనికొస్తుంది?

ఏడాదికోసారి హాల్లో ప్రొజెక్టర్ పెట్టి, సంతకాలు తీసుకుని పంపేస్తే ఫలితం ఉండదు. నెల్లూరు నుంచి అధికారి వచ్చే దాకా ఆగక్కర్లేదు కూడా. మనుబోలు లాంటి మండలంలో టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశంలోనే ఒక గంట తీసుకోవచ్చు.

ఆ గంటలో ఉపన్యాసం తగ్గించి నటన పెట్టాలి. ఒకరు విద్యార్థి, ఒకరు టీచర్, ఒకరు కోపంతో వచ్చిన తండ్రి. "మా బిడ్డ చదువు చాలు, టీసీ ఇవ్వండి" అని తండ్రి అంటే ఏం చెప్పాలో అక్కడే ప్రాక్టీస్ అవ్వాలి. స్టేషన్ నుంచి ఒక మహిళా పోలీసును, సచివాలయం నుంచి మహిళా సంరక్షణ కార్యదర్శిని పిలిస్తే ఎవరికి ఫోన్ చేయాలో ముఖాలతో సహా తెలుస్తుంది. ఆయా, వాచ్‌మన్, వంట చేసేవాళ్లు, బస్సు డ్రైవర్, హాస్టల్ వార్డెన్‌లకు అదే విషయాన్ని అరగంటలో, కాగితాలు లేకుండా, మాటల్లో చెప్పాలి. వాళ్లు గుర్తుంచుకోవాల్సినవి మూడే: వినాలి, ఫొటో ముట్టుకోకూడదు, అదే రోజు చెప్పాలి.

ప్రతి స్కూల్లో ఇద్దరిని, వాళ్లలో ఒక మహిళను, ఈ పనికి పెట్టి వాళ్ల పేర్లు పిల్లలకు తెలిసేలా గోడ మీద రాయాలి. పేరెంట్స్ మీటింగ్‌లోనూ పది నిమిషాలు దీనికి ఇవ్వాలి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ స్కూళ్లలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. తల్లిదండ్రులు బడికి వచ్చే అలాంటి రోజునే, పిల్లలు నిజం చెప్పినందుకు ఫోన్ లాక్కోవద్దని చెప్పొచ్చు.

తెలంగాణలో పోలీసు మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలిసి 33 జిల్లాల్లోని 1,650 ప్రభుత్వ స్కూళ్లలో ఇలాంటి ప్రయత్నమే చేశాయి. స్కూలుకు ఇద్దరు విద్యార్థులు, ఒక టీచర్ చొప్పున ఎంచుకుని, పిల్లలను సైబర్ అంబాసిడర్లుగా తయారు చేశాయి. ఫోన్ గురించి పిల్లలు ముందు చెప్పుకొనేది తోటి పిల్లలకే. ఆ పిల్లలకు అండగా ఒక టీచర్ ఉంటే విషయం పెద్దవాళ్ల దాకా వస్తుంది.

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా అకౌంట్లను ఆపేసింది. అలాంటి చట్టం ఎక్కడ వచ్చినా, అమ్మ ఫోన్‌లో ఆడుకునే పిల్లలకు వినే మనిషి అవసరం అలాగే ఉంటుంది.

ఈ నంబర్లు స్టాఫ్ రూమ్‌లో రాసి పెట్టుకోండి

* 1098: చైల్డ్ హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం
* 112: అత్యవసర పోలీస్ సాయం
* 1930: ఆన్‌లైన్‌లో డబ్బు మోసాలకు
* 14416: టెలీ మానస్, మానసిక సహాయం
* సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్: ఆన్‌లైన్ ఫిర్యాదు. పిల్లల అశ్లీల చిత్రాలపై పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు
* దగ్గర్లోని పోలీస్ స్టేషన్: నేరం ఎక్కడ జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్ కింద ఫిర్యాదు తీసుకోవాలి